ఫెండర్ స్వింగర్ అని చిత్తూరులో అమ్ముతున్న ఎర్ర గిటార్ జోలికి పోకండి

చిత్తూరులో పాత గిటార్లు అమ్మే ఆ మనిషి గురించే ఇది. పేరు రాయడం లేదు. తిరుపతి, చెన్నై, బెంగళూరు గ్రూపుల్లో తిరిగేవాళ్ళకి ఎవరో ఇట్టే అర్థమవుతుంది. "1969 ఫెండర్ స్వింగర్, అన్నీ ఒరిజినల్" అని ఫొటోలు తిప్పుతున్నాడే, ఆ ఎర్ర గిటార్ స్వింగర్ కాదు. నా దగ్గర 60,000 రూపాయల అడ్వాన్సు తీసుకుని, ఇప్పుడు తిరిగి ఇచ్చేది లేదంటున్నాడు.

స్వింగర్ గురించి కొత్తవాళ్ళకి రెండు మాటలు. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ 1965లో బాస్ ఫైవ్ అని అయిదు తీగల బాస్ గిటార్ ఒకటి తెచ్చింది. అది అమ్ముడుపోలేదు, బాడీలు మిగిలిపోయాయి. ఆ బాడీల్ని, కొన్నిటికి మ్యూజిక్‌మాస్టర్ అనే ఇంకో ఫెండర్ గిటార్ బాడీల్ని తీసుకుని, కింది అంచున ఒక వంపు కోసి, 22.5 అంగుళాల చిన్న స్కేలు (తీగ మోగే పొడవు) నెక్ బిగించి, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) కొసని బాణంలా చెక్కి, నెక్ పక్కన ఒకే ఒక పికప్ (తీగ మోతని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) పెట్టి 1969లో వదిలారు. చేసినవే కొన్ని వందలు. అందుకే బతికున్న ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకోవడానికి ఇంత తాపత్రయం.

మిగిలిన సరుకుతో పుట్టిన గిటార్ కాబట్టే మోసగాళ్ళకి ఇది బాగా కలిసొస్తుంది. ఏ భాగం తేడాగా ఉందని అడిగినా "ఫ్యాక్టరీలోనే అట్ల చేసినారు సార్" అంటే చాలు, ఎదుటివాడు ఆగిపోతాడు. ఇతనూ ప్రతి ప్రశ్నకీ అదే చెప్పాడు.

డబ్బు పంపేముందు వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు: షాపుకొస్తే పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక), నెక్ రెండూ ఎదురుగానే ఇప్పి చూపిస్తా, తేడా ఉంటే అడ్వాన్సు అక్కడికక్కడే వెనక్కి. ఆ మెసేజ్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

షాపులో పిక్‌గార్డ్ లేపగానే వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే గుండీ కింది భాగం) వెనక నంబరు కనబడింది. 137తో మొదలై తర్వాత 74. పాట్ కోడు చదవడం కష్టం కాదు. మొదటి మూడంకెలు తయారీదారు (137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్), తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు ఆ సంవత్సరంలో వారం. 1966లో ఫెండర్ పాట్‌లు కుప్పలుగా కొనిపెట్టుకుంది, అందుకే 1969 గిటార్లలో కూడా 66 నాటి పాట్ దొరుకుతుంది, దానికి భయపడక్కర్లేదు. గిటార్ కన్నా పాట్ పాతదైతే పరవాలేదు. 1969 గిటార్‌లో 1974 పాట్ ఉందంటే మాత్రం ఎవరో తర్వాత మార్చినట్టే. పాట్ మారినంత మాత్రాన గిటార్ నకిలీది అయిపోదు, ధర తగ్గాలి, అంతే. కానీ ఇతను "అన్నీ ఒరిజినల్" అని రాసి అమ్ముతున్నాడు.

పికప్ ఇంకా దారుణం. ఈ పికప్‌కి పైన ప్లాస్టిక్ మూత ఉంటుంది, పోల్స్ (తీగల కింద నిలబడే లోహపు కడ్డీలు) కనపడవు, కాబట్టి ఫొటో చూసి ఏమీ చెప్పలేం. అడుగున చూడాలి. 1968 నుంచి ఫెండర్ వాడింది బూడిద రంగు ఫైబర్ పలక, అంతకు ముందు నల్లది. అందులో నిలబడిన పోల్స్ తామే అయస్కాంతాలు. ఇతని దాంట్లో అడుగున సెరామిక్ అయస్కాంతం పట్టీ అతికించి ఉంది, చవక పికప్‌లలో ఉండేదే. గిటార్ కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, మల్టీమీటర్‌తో కొలిస్తే ఆ కాలపు ఫెండర్ సింగిల్ కాయిల్ మామూలుగా 5.5 నుంచి 6.5 కిలో ఓమ్స్ మధ్య చూపిస్తుంది. ఇది 9 దాటింది. పిక్‌గార్డ్ కింద బాస్ ఫైవ్ పికప్ కోసం తొలిచిన గుంట లేదు, మ్యూజిక్‌మాస్టర్ గుంట ఆకారమూ కాదు. రౌటర్ (చెక్క తొలిచే మిషను) పళ్ళ గుర్తులు ఇంకా పదునుగా ఉన్న తెల్లటి చెక్క అది.

తర్వాత నెక్. షాపు కుర్రాడు నెక్‌ని బాడీకి బిగించే ప్లేటు మీది నాలుగు స్క్రూలు ఇప్పాడు. పాపం, ఆ అబ్బాయికి ఏమీ తెలియదు. నెక్ పైకి రాగానే, బాడీలో కూర్చునే కొసని వెలుతురుకి తిప్పి చూస్తే: పక్కలు యాభై ఏళ్ళ పసుపు, అడుగు భాగం మాత్రం పాలిపోయిన తెలుపు, దాని మీద అడ్డంగా ఒకే వైపుకి ఉప్పుకాగితం గీతలు. వేలితో రుద్దితే పొడి అంటుకుంది. సరిగ్గా అక్కడే ఫ్యాక్టరీ స్టాంపు ఉండాలి. ఆ కాలంలో ముందు ఒక నంబరు, నెల, సంవత్సరం, చివర ఒక అక్షరం కొట్టేవాళ్ళు. ముందున్న నంబరుని చాలామంది తేదీ అనుకుంటారు, అది నెక్ రకం కోడు. చివరి అక్షరం నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర వెడల్పు: ఏ అంటే అంగుళంన్నర, బీ అంటే 1⅝ అంగుళాలు. స్టాంపు కాలక్రమంలో మసకబారడం వేరు, సాన పట్టి తీసేయడం వేరు. తీసేశారంటే అక్కడ చూపించకూడని సంవత్సరం ఏదో ఉందన్నమాట.

"స్టాంపు ఏమైందండీ?" అని అడిగిన మరుక్షణం నెక్ చేతిలోంచి లాక్కున్నాడు. అంతసేపూ "సార్ సార్" అన్న నోటితోనే, "ఏం, మీకు గిటార్ కావాల్నా, చెక్క కావాల్నా? మీరు ఇప్పించినారు కాబట్టి దాని విలువ పోయింది. ఇంక అడ్వాన్సు మాట ఎత్తొద్దండి" అన్నాడు. వాట్సాప్ మెసేజ్ చూపిస్తే ఫోన్ వైపు కూడా చూడలేదు. కుర్రాడి వైపు తిరిగి, ఎదురుగా మనిషి నిలబడి ఉండగానే, "బిగించేయ్‌రా, బెంగళూరు వాళ్ళు వస్తాండారు" అన్నాడు.

ఈ పోస్టు ఆ మాట కోసం. డబ్బు పోయినందుకు కడుపు మండుతోంది, నిజమే. కానీ దొరికిపోయిన సరుకునే, దొరికిపోయిన నిమిషంలోనే, ఇంకొకరికి అంటగట్టడానికి సిద్ధమయ్యాడు చూడండి, అది సహించరాని విషయం. పైగా నష్టం కొన్నవాళ్ళతో ఆగదు. బతికున్న స్వింగర్ల వివరాలు, నెక్ స్టాంపు, పాట్ కోడు, రంగు, దెబ్బలు, ఎంతోమంది ఓపిగ్గా పోగుచేస్తున్నారు. ఇలాంటిది ఒక్కటి ఆ లెక్కలోకి ఎక్కిందంటే, రేపు దీన్నే చూపించి "చూడండి, స్టాంపు లేని స్వింగర్లు కూడా ఉన్నాయి" అని ఇంకో పది దొంగవి అమ్ముతారు.

నెక్ గుంటలో ఇంకో రుజువు ఉంది. ఆ రోజుల్లో ఫెండర్‌లో రంగు కొట్టేటప్పుడు నెక్ గుంటలో ఒక కర్ర బిగించి బాడీని పట్టుకునేవాళ్ళు. కర్ర ఉన్నచోట రంగు పడదు, ఖాళీ పట్టీ మిగులుతుంది. ఇతని గిటార్‌లో గుంట మూలమూలలా ఎర్ర రంగు నిండుగా ఉంది.

హెడ్‌స్టాక్ కొస కూడా చూసుకోండి. 1968 ప్రాంతంలో ఫెండర్ బాడీలకి మందపాటి పాలియెస్టర్ ఫినిష్‌కి మారింది, కానీ పేరు స్టిక్కర్ ఉండే హెడ్‌స్టాక్ ముఖానికి నైట్రో లక్కరే (పాత రకం వార్నిషు) కొనసాగించింది. అందుకే ముఖం ఎక్కువ పసుపెక్కుతుంది. దుకాణాల్లో నోట్లు చూసే యూవీ టార్చి చాలు. చీకట్లో వేస్తే పాత నైట్రో లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇతని దాంట్లో ముఖం మెరిసింది, బాణం కొస అంచులు మాత్రం నల్లగా చచ్చిపడి ఉన్నాయి. అంటే పాత మ్యూజిక్‌మాస్టర్ నెక్ కొసని ఈ మధ్యే కోసి, టీ రంగు వేసి కప్పారు.

నెక్ ప్లేటు నంబరు చూపించి "ఇదిగో సార్ రుజువు" అంటాడు. అది రుజువు కాదు. నాలుగు స్క్రూలు తీస్తే ఆ ప్లేటు ఏ గిటార్ మీదికైనా పోతుంది.

అమెరికా నుంచి చెన్నై మీదుగా వచ్చిందంటాడు. నిజంగా వస్తే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) ఉంటుంది, కాపీ అడగండి. "రేణిగుంటలో కస్టమ్స్ వాళ్ళు ఆపినారు, ఇంకొంచెం పంపండి" అని ఎవరన్నా అంటే ఒక్క రూపాయి పంపకండి.

ఇంకేం చెప్పను. అడ్వాన్సుకి ముందే నాలుగు ఫొటోలు అడగండి: నెక్ అడుగు స్టాంపు, నెక్ గుంట, పాట్ వెనక, పికప్ అడుగు. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) టేపు పెట్టిన ఫొటో కూడా. స్వింగర్‌కి 11¼ అంగుళాలు రావాలి, 12 వస్తే అది 24 అంగుళాల స్కేలు, వేరే నెక్. ఫ్రెట్‌లు 21 ఉండాలి. అన్ని ఫొటోల్లో హెడ్‌స్టాక్ వెనక చెక్క గీతలు ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. ఇతను మొదట పంపిన ఫొటోలు వేరే గిటార్‌వి, ఆ గీతలే పట్టించాయి. "ఇప్పితే విలువ పోతుంది" అన్నారంటే లేచి వచ్చేయండి. నాలుగు స్క్రూలు జాగ్రత్తగా తీసి బిగిస్తే ఏ పాత ఫెండర్ విలువా పోదు. ఇప్పటికే డబ్బు పంపినవాళ్ళు ఉంటే యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లతో వెంటనే 1930కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు పెట్టండి. నేను రెండూ చేశాను.

రంగు, పేరు మార్చి మళ్ళీ అమ్మొచ్చు కాబట్టి గుర్తులు రాస్తున్నాను: ఎర్ర బాడీ, తెల్ల పిక్‌గార్డ్, కింది కొమ్ము లోపలి అంచున గోరంత పెచ్చు లేచి కింద తెల్ల ప్రైమర్ కనబడుతుంది, మూడో ఫ్రెట్ దగ్గర గుర్తు చుక్క కొంచెం పక్కకి జరిగి ఉంది, నెక్ అడుగు సాన పట్టినది. లెక్కలు రాసేవాళ్ళు దీన్ని ఎక్కించి ఉంటే కొట్టేయండి.