కర్నూలు వ్యాసరచన బ్యాచ్: పూర్వపక్షం భేష్, టైమే తేలదు

గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే కోసం కర్నూలులో ఆదివారాలు నడిచే ఒక కోచింగ్ బ్యాచ్ ఇది. చేరితే పూర్వపక్షం (ఎదుటి వాదం) పాఠం కోసమే చేరాలి.

ఎదుటి వాదాన్ని దాని బలం తగ్గించకుండా ముందు పెట్టి, ఆ తర్వాత జవాబు చెప్పడం ఇక్కడ బాగా నేర్పిస్తారు. ‘సీమ కరువుకు ప్రాజెక్టులే మందా?’ అన్న అంశం వచ్చిందనుకోండి. చాలామంది కోస్తా, సీమ నేతల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికతో ఎత్తుకుని, రెండో పేరాకే ఆవేశంలో పడతారు. వీళ్లు మాత్రం ‘కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కింద పైరు చూసినవాళ్లెవరూ కాలువ వద్దనరు’ అని ముందే ఒప్పుకోమంటారు. ఆ వెంటనే ‘అయితే’. హంద్రీ-నీవా కాలువకు శ్రీశైలం నీళ్లు ఎత్తిపోయాలి, దానికి కరెంటు కావాలి. పిల్లకాలువలు తవ్వకపోతే ఆ నీళ్లూ చేను దాకా రావు. ఒప్పుకోలు మూడు వాక్యాలు దాటిందా, వ్యాసం అటువైపే ఒరుగుతుంది. మీది ఏ పక్షమో దిద్దేవాళ్లకు అర్థం కాదు.

పునరుక్తి, అంటే ఒకే మాటను కావాలని మళ్లీ మళ్లీ వాడే పాఠమూ పనికొచ్చేదే. ‘నీళ్లు లేక పైరెండింది, నీళ్లు లేక బోరెండింది, నీళ్లు లేక ఊరికి ఊరే బెంగళూరు బస్సెక్కింది.’ పొడుగు వాక్యం చివరికి రావాలి. నాలుగోది చేరిస్తే మైకు ముందు ఉపన్యాసమే.

సూక్తుల జిరాక్సు కాగితాలు మాత్రం పక్కన పడేయండి. ఎవరన్నారో, ఎక్కడన్నారో ఉండదు. తప్పు పేరు రాస్తే ఉన్న నమ్మకమూ పోతుంది. వరసగా మూడు ప్రశ్నలతో మొదలుపెట్టమనడం కూడా నప్పలేదు. ప్రశ్న ఒక్కటి చాలు, జవాబు అదే పేరాలో దొరకాలి.

అసలు లోటు టైము. పేపరుకు 180 నిమిషాలు, వ్యాసాలు మూడు, మార్కులు 150. అంటే ఒక్కోదానికి గంట: పది నిమిషాలు చిత్తు, నలభై అయిదు రాత, అయిదు సరిచూసుకోవడం. ఈ లెక్కన మూడూ ఒకే బిగిన రాయించరు, ఒక్కొక్కటే రాయిస్తారు. మూడో వ్యాసానికి చెయ్యి లాగి ముగింపు రెండు లైన్లకు కుదించుకుపోయే సంగతి అందుకే ఇక్కడ బయటపడదు.

డెమోకు వెళ్లినప్పుడు దిద్దిన పేపరొకటి చూపించమనండి. మార్జిన్‌లో ‘గుడ్’ తప్ప ఏమీ లేకపోతే ఫీజు కట్టే ముందు ఇంకోసారి ఆలోచించుకోండి.