జీఐ బకెట్లు, తొట్లు, రేకు పెట్టెలు: మిద్దె తోటకూ ఇంటి అలంకరణకూ ఏది పనికొస్తుంది

మార్కెట్లో జీఐ (జింకు పూత వేసిన ఇనుము) బకెట్టు పేరుతో అమ్మేవి నిజానికి మూడు వేర్వేరు వస్తువులు. మొదటిది, నల్ల ఇనుప రేకుతో బకెట్టు పూర్తిగా తయారయ్యాక దాన్ని 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీసినది. రెండోది, ముందే జింకు పూత ఉన్న రేకును కత్తిరించి, మడిచి, అతికి చేసినది. మూడోది, మామూలు రేకు మీద కరెంటుతో ఎక్కించే పల్చటి జింకు పూతో వెండి రంగో వేసి, పైన నల్ల మరకలు అద్ది ‘రస్టిక్’, ‘వింటేజ్’ అని పేరు పెట్టినది. ఫొటోలో మూడూ ఒకేలా ఉంటాయి. ఒక్క వానాకాలం బయట పెట్టి చూస్తే మూడోదాని అంచు ఎర్రబడుతుంది, రెండోదాని అతుకు కారుతుంది, మొదటిది మాత్రం కాస్త మెరుపు తగ్గి బూడిదరంగు తేలుతుంది. అలంకరణ కోసం అందరూ వెతికేది ఆ బూడిదరంగే. అది డబ్బు పెట్టి కొనాల్సింది కాదు, గాలీ వానా తగిలితే దానంతటదే వస్తుంది.

అందుకే ఈ సమీక్షలో మొదటి మార్కు ఏ హంగూ లేని, చేశాక ముంచిన పాతకాలపు బకెట్టుకే. హైదరాబాద్‌లో బేగంబజారు, రాణిగంజ్, విజయవాడలో వన్‌టౌన్ లాంటి చోట్ల పాత్రల దుకాణాల్లో, ఇనుప సామాను దుకాణాల్లో అడిగి చూడండి. గుర్తుపట్టడం కష్టం కాదు. అంచు మీద, పిడి చెవుల దగ్గర జింకు కారి గడ్డకట్టిన బొట్లు కనిపిస్తాయి. అతుకు సందు జింకుతో నిండిపోయి గోరు దిగదు. నీళ్లు పోసి అరగంట ఉంచితే చుక్క కారదు. పక్కల మీద మంచుపువ్వుల్లాంటి మరకలు చూసి మాత్రమే కొనొద్దు. పూత రేకు మీద కూడా అవి ఉంటాయి, ఈ రోజుల్లో పువ్వు కనిపించని నున్నటి పూతలూ వస్తున్నాయి. అయస్కాంతం కూడా ఇక్కడ సాయపడదు. మూడింట్లోనూ లోపల ఇనుమే కాబట్టి మూడింటికీ అంటుకుంటుంది. అంటుకోలేదంటే అది అల్యూమినియమో, మరో లోహమో అయి ఉంటుంది.

రేకు మందం చేతికే తెలుస్తుంది. 12 లీటర్ల బకెట్టుకు అర మిల్లీమీటరు రేకు వాడితే రేకు బరువే 900 గ్రాములు దాటుతుంది. 0.35 మిల్లీమీటర్లదైతే 650 దగ్గర ఆగిపోతుంది. పిడి, చెవులు, అంచు తీగ బరువు దీనికి అదనం. కిలోకి తక్కువ తూగే 12 లీటర్ల బకెట్టులో తడిమట్టి నింపి ఎత్తితే చెవుల దగ్గర రివెట్లు సాగిపోతాయి. తడిసిన మట్టితో ఆ బకెట్టు 15 నుంచి 18 కిలోలు ఉంటుందని గుర్తుంచుకోండి. గేజి అంకెలు చెప్పి అమ్మేవాళ్ల దగ్గర మందం మిల్లీమీటర్లలో ఎంతో అడగడం మంచిది, ఒకే గేజి అంకెకు రెండు కొలతల పద్ధతులు ఉన్నాయి. పూత రేకు కొని తొట్టి చేయించుకునేవాళ్లు పూత అంకె కూడా అడగాలి. జడ్ 120 అంటే చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 120 గ్రాముల జింకు, అంటే ఒక్కో వైపు 8 మైక్రాన్లు. జడ్ 275 అయితే ఒక్కో వైపు 20 మైక్రాన్లకు దగ్గరగా ఉంటుంది. బయట వానలో ఉండే తొట్టికి 275 కంటే తక్కువ తీసుకోవద్దు.

దుకాణంలో ఇంకో జాగ్రత్త. బకెట్లు ఒకదానిలో ఒకటి దోపి నిలువుగా పేరుస్తారు. పైనున్నది తళతళలాడుతుంది. మధ్యలోంచి ఒకటి లాగి చూడండి. వానాకాలంలో సందుల్లో చెమ్మ చేరి, గాలి ఆడక తెల్లటి పిండిలాంటిది పడుతుంది. దాన్నే తెల్ల తుప్పు అంటారు. పల్చగా ఉంటే నైలాన్ బ్రష్షుతో రుద్ది ఆరబెడితే సరిపోతుంది. పిండి కింద నల్లగా గానీ, ఎర్రగా గానీ కనిపిస్తే జింకు అప్పటికే అయిపోయిందన్నమాట, అది వదిలేయండి. ఇంటికి తెచ్చాక కూడా ఖాళీ బకెట్లను ఒకదానిలో ఒకటి పెట్టి మేడ మీద వదలొద్దు.

ఏ రకం ఎలా ఉంది

బకెట్టు తర్వాత మా ఓటు పొడుగు తొట్టికి. మూడడుగుల పశువుల తొట్టి వరండా గోడవారన పెట్టి బంతి, కనకాంబరం, మరువం వరసగా వేస్తే ఆ బూడిదరంగు మీద నారింజ, పచ్చ రంగులు ఎంతో నిండుగా కనిపిస్తాయి. పాత తొట్టి కొనేటప్పుడు లోపల కుడితి నిలిచిన గీత దగ్గర వేలు పెట్టి చూడండి. కుడితి పులుస్తుంది, పులుపు జింకును తినేస్తుంది. అడుగు బాగున్నా ఆ గీత వెంబడి రేకు పల్చబడి, వంచితే పగులుతుంది. కొత్తది చేయించుకుంటే అతుకులు ముందు వేసి తర్వాత ముంచమనండి. పూత రేకును వెల్డింగు చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ పొగ పీల్చినా జ్వరం పట్టుకుంటుంది, అందుకే ఆ పని ఇంటి వరండాలో చేయించకూడదు.

రేకు ట్రంకు పెట్టె ఇంటి లోపలికి చాలా మంచి వస్తువు. మీద ఒక చెక్క పలక వేస్తే బల్ల, లోపల దుప్పట్లు. మొక్కలకు మాత్రం వద్దు. దాని మూలలన్నీ మడత అతుకులే, తడి పడితే నిలవదు. పాత బియ్యం డ్రమ్ము పొడవాటి పామ్ మొక్కకు మంచి పైతొడుగు అవుతుంది. పురుగు మందు బిళ్లలు వేసిన డ్రమ్ము అయి ఉండొచ్చు కాబట్టి మూత తీసి రెండు మూడు రోజులు ఆరుబయట ఉంచి, అడుగున మిగిలిన పొడి చేతికి తగలకుండా తీసేసి, కడిగాకే ఇంట్లోకి తేవాలి.

రస్టిక్ పేరుతో మూడేసి కుండీల సెట్లుగా వచ్చే సన్న రేకువాటికి ఐదుకు రెండు మార్కులు. టేబుల్ మీద ఎండు పూలకు, పెన్నులకు చాలు. బాల్కనీకి పనికిరావు. పెళ్లి మండపంలో ఒక్కరోజు పూలు పెట్టడానికి బాగానే ఉంటాయి, లోపల ప్లాస్టిక్ డబ్బా పెట్టుకుంటే.

రంధ్రాలు

ఎక్కువ బకెట్లు పాడయ్యేది ఇక్కడే. బకెట్టు అడుగున ఒక రింగు ఉంటుంది, అడుగుభాగం నేలకు తగలకుండా అర అంగుళం పైన ఉంటుంది. అడుగున రంధ్రాలు వేసి నేల మీద పెడితే కారిన నీరు ఆ రింగు లోపలే నిలిచిపోతుంది. పైనుంచి మట్టి తడి, కింద నిలవ నీరు, ఏడాది తిరగకుండా అడుగు ఊడిపోతుంది. రెండు ఇటుక ముక్కల మీద బకెట్టును ఎత్తి పెట్టాలి, లేదా రింగుకు రెండు చోట్ల రెండేసి సెంటీమీటర్ల గాటు పెట్టాలి. ఇటుకలే మేలు.

మేకుతో రంధ్రాలు కొట్టేవాళ్లు బయటి నుంచి లోపలికి కొడతారు. అప్పుడు చిరిగిన అంచు లోపలికి లేచి చిన్న గట్టులా నిలబడుతుంది, ఆ గట్టు ఎత్తున రెండు మూడు మిల్లీమీటర్ల నీరు ఎప్పటికీ బయటికి పోదు. మేకే వాడాల్సి వస్తే లోపలి నుంచి బయటికి కొట్టండి. డ్రిల్లు ఉంటే ఇంకా మంచిది. బకెట్టును చెక్క దిమ్మ మీద బోర్లించి, గుర్తు పెట్టిన చోట మేకుతో చిన్న గుంట కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి 8 మిల్లీమీటర్లకు పెంచండి. ఇనుముకు వాడే బిట్టే పెట్టాలి, గోడ బిట్టు కాదు. డ్రిల్లులో గోడను దంచడానికి ఉండే హ్యామర్ మోడ్ ఆపేయాలి. 12 లీటర్ల బకెట్టుకు మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు చాలు. మూడడుగుల తొట్టికి రెండు వరసల్లో, 15 సెంటీమీటర్లకు ఒకటి. ఆకురాయితో అంచు నున్నగా చేసి, జింకు ఎక్కువ ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ పెయింటు రెండు పూతలు రంధ్రం అంచులకు వేయండి. చిన్న గీత పడితే చుట్టుపక్కల జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది, కానీ ఆ కాపుదల కొద్ది మిల్లీమీటర్ల మేరకే. రంధ్రం మీద నైలాన్ దోమల జాలీ ముక్క వేస్తే మట్టి జారదు. రాగి జాలీ, రాగి తీగ వాడొద్దు. తడిలో రాగి తగిలిన చోట జింకు చాలా వేగంగా పోతుంది.

మన ఎండ, మన ఎరువులు

రేకు తొట్టికి మే నెల ఎండ పెద్ద పరీక్ష. మట్టి కుండీ చెమర్చి చల్లబడుతుంది, రేకు అలా కాదు. పడమటి ఎండ నేరుగా తగిలే గోడవారన పెడితే రేకుకు ఆనుకున్న వేళ్లు ఉడికిపోతాయి. మొక్క వాడిందని నీళ్లు పోస్తారు, వేళ్లు లేని మొక్క ఆ నీటిని తాగలేదు, కుళ్లిపోతుంది. దీనికి మందు ఒకటే: కుండీలో కుండీ. మొక్కను ప్లాస్టిక్ కుండీలోనో, నర్సరీ సంచిలోనో ఉంచి, దాన్ని బకెట్టులో దింపి, చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీలో కొబ్బరి పీచు కూరండి. బకెట్టు లోపల మట్టి తగలదు కాబట్టి పూత కూడా ఎక్కువ కాలం ఉంటుంది. మొక్కను మార్చాలంటే ఎత్తేస్తే చాలు. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కను సంచితోనే అలా దింపొచ్చు. తూర్పు బాల్కనీ అయితే నేరుగా మట్టి నింపినా ఫరవాలేదు. గోనె సంచి లోపల పరిచి, ఎర్రమట్టి నాలుగు పాళ్లు, పశువుల ఎరువు మూడు, కోకోపీట్ మూడు కలిపి పోయండి. టేబుల్ రోజా, స్నేక్ ప్లాంటు వేడిని బాగా తట్టుకుంటాయి. పుదీనా, ఫెర్న్ నీడలోనే.

మిద్దె తోటల్లో పులిసిన మజ్జిగ పిచికారీ చేయడం మామూలే. మొక్కకు మంచిదే, జింకుకు కాదు. అంచు మీద పడితే వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. డీఏపీ, పొటాష్ లాంటి ఉప్పు ఎరువులు కూడా రేకుకు ఆనకుండా మొక్క మొదట్లో మాత్రమే వేయాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ఊళ్లలో సముద్రం వైపున్న పక్క ముందు తెల్లబడుతుంది. వానపడని నెలల్లో 15 రోజులకోసారి మంచినీళ్లతో కడిగి, బకెట్టును తిప్పి పెట్టాలి.

ఇత్తడి తోమిన అలవాటుతో చింతపండు పట్టించొద్దు. నిమ్మచెక్క, వెనిగరు, బాత్‌రూమ్ యాసిడ్ కూడా అంతే. అప్పటికప్పుడు పాత రూపం వస్తుందని వెనిగరు, ఉప్పు పూయమని చెప్పే చిట్కాలు చాలా తిరుగుతున్నాయి. ఆ పాత రూపం పూత కరగడం వల్ల వచ్చేదే, పదేళ్లు ఉండాల్సిన బకెట్టు ఆయుష్షును ఒక్క సాయంత్రంలో తగ్గించుకోవడమే. సున్నం, తడి సిమెంటు తగిలినా జింకు పాడవుతుంది, ఇంటికి సున్నం వేసే రోజుల్లో తొట్లను పక్కకు జరపండి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

రంగు వేయాలనుకుంటే ఎనామిల్ నేరుగా కొట్టొద్దు. నూనె రంగు జింకు మీద సబ్బులా మారి, కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడుతుంది. సబ్బుతో జిడ్డు పోగొట్టి, ఆరాక జీఐకి సరిపడే వాష్ ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత) పల్చగా వేసి, ఆ తర్వాత యాక్రిలిక్ రంగు వేయండి. తెల్ల యాక్రిలిక్‌తో అంచు చుట్టూ సన్న ముగ్గు గీత వేస్తే చాలా అందంగా ఉంటుంది. మొత్తం రంగు పూసేస్తే జీఐ కొన్నందుకు అర్థం ఉండదు.

వీటికి మాత్రం వాడొద్దు

జీఐ తొట్టిలో తామర వేసి చేపలు వదలాలనుకునేవాళ్లు లోపల ప్లాస్టిక్ టబ్బు పెట్టుకోవాలి. నీటిలోకి దిగే జింకు చేపలకు విషం. చేపలు లేకుండా నీళ్లు నిలబెడితే దోమలు పెరుగుతాయి. మజ్జిగ, చింతపండు పులుసు, నిమ్మరసం, పచ్చళ్లు ఇందులో పెట్టకూడదు, పులుపులోకి జింకు దిగి వాంతులు పట్టుకుంటాయి. పెళ్లిలో నిమ్మరసం పంచడానికి ‘రస్టిక్’ తొట్టి పెట్టాలంటే లోపల స్టీలు గిన్నె ఉండాల్సిందే. చలికాలం కుంపటిగా, భోగి మంటకు కూడా వద్దు. నిప్పు తగిలితే జింకు పొగ వస్తుంది. ప్రమిద వెలిగించుకోవచ్చు.

ఇంటి లోపల గొడుగులకు, పాత పేపర్లకు, బట్టల క్లిప్పులకు, ఉల్లిపాయలకు జీఐ బకెట్టు బాగా సరిపోతుంది. ఉల్లిపాయలకు పక్కల మీద పైవరకూ 8 మిల్లీమీటర్ల రంధ్రాలు పది పన్నెండు పెట్టి, అడుగున పేపరు పరవండి. చిన్న బకెట్టును బోర్లించి దీపం గూడుగా వేలాడదీసేవాళ్లు వైరు వెళ్లే రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు రింగు (గ్రోమెట్) పెట్టి, రేకుకు ఎర్తింగు ఇప్పించుకోవాలి. గ్రోమెట్ లేకపోతే రేకు అంచు వైరు తొడుగును కోసేసి బకెట్టంతా కరెంటు పారుతుంది. చేయి అందే ఎత్తులో వేలాడదీసే దీపమైతే ఎలక్ట్రీషియన్ చేతే బిగించుకోండి.