బువ్వ దగ్గర ఏది మేలు: ఫోనా, చంకనేసుకుని తిప్పడమా, ముచ్చటా?

ఫోన్ పెడితే గిన్నె ఖాళీ, తీసేస్తే పిల్లలు ముద్ద ఉమ్మేస్తరు. హన్మకొండ అపార్ట్‌మెంటులోనైనా, పరకాల పక్క పల్లెలోనైనా ఏడాదిన్నర పిల్లలున్న చాలా ఇళ్లలో ఇదే వరస. గిన్నె ఖాళీ కావడమొక్కటే లెక్కయితే ఫోనే గెలుస్తుంది. కానీ రెండేళ్లు నిండేసరికే పిల్లల మెదడు పెద్దవాళ్ల మెదడు బరువులో నాలుగింట మూడొంతుల దాకా పెరుగుతుంది. ఆ వయసులో రోజుకు నాలుగైదుసార్లు మనిషి ఎదురుగా కూర్చునే పని బువ్వ తినిపించడమే. ఆ సమయం ఎవరికిస్తున్నామో చూసుకోవాలి.

ఫోన్ చూస్తూ తినే పిల్లకు కడుపు నిండింది తెలియదు. నమలడం మరిచి ముద్దను బుగ్గన పెట్టుకుంటుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఫోన్ బదులు చెప్పదు. పిల్ల "కా" అన్నా అనకపోయినా దాని పాట అది పాడుతూనే ఉంటుంది. ఈ వయసు పిల్లలు తెర మీది మాట కంటే ఎదుటి మనిషి మాటే బాగా పట్టుకుంటరు. రెండేళ్లలోపు తెర వద్దని, ఆ తర్వాత ఐదేళ్లలోపు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇళ్లకు దుబాయ్‌లో ఉన్న బాపు (నాన్న) చేసే వీడియో కాల్ మాత్రం వేరు. "ఏం తిన్నవ్ బిడ్డా" అని ఆయన అడిగితే బిడ్డ చూపిస్తుంది, ఆయన మళ్లీ మాట కలుపుతడు. దాన్ని బువ్వయినంక పెట్టుకుంటే చాలు.

ఎవరూ చూడని టీవీ మోగుతున్నా పెద్దల మాటలు తగ్గిపోతయి. అదీ బంద్ చేయాలి.

చంకనేసుకుని వాకిట్లో తిప్పడం ఫోన్ కన్నా మేలు. కాకి, బర్రె, ఆటో కనబడతయి, నాయినమ్మ పేర్లు చెబుతుంది. చిక్కేమిటంటే, పిల్ల అటు చూసినప్పుడల్లా ముద్ద నోట్లో కుక్కుతం. గంట గడుస్తుంది, ఆకలి ఎప్పుడు తీరిందో ఎవరికీ తెలియదు.

మా ఓటు కింద చాప మీద ఎదురుబొదురు కూర్చోవడానికే. గిన్నెలో ముందు నాలుగైదు చెంచాలే వేయాలి, అడిగితే మళ్లీ వేయాలి. ఏడాది నుంచి రెండేళ్ల దాకా పూటకు ముప్పావు నుంచి ఒక కప్పు (250 మి.లీ. కప్పు) సరిపోతుంది. పిల్ల చేతికి మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్కో, ఇడ్లీ ముక్కో ఇవ్వాలి. మీద పోసుకున్నా పోసుకోనీయాలి. "కాకి" అంటే "అవును, నల్ల కాకి, గోడ మీద కూసుంది" అని ఒకటి రెండు మాటలు కలిపి తిప్పి చెప్పాలి. తర్వాత మనసులో ఐదు లెక్కపెడుతూ ఆగాలి. ఆ ఆగడమే పెద్దలకు కష్టం, పిల్ల మాట బయటికొచ్చేది మాత్రం అప్పుడే. అరగంట దాటితే కోపం చేయకుండా గిన్నె తీసేయాలి.

ఫోన్ మాన్పిన మొదటి మూడు నాలుగు రోజులు తిండి తగ్గుతుంది. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతరు, లేదా పాలు, బిస్కెట్లతో కడుపు నింపుతరు. పాలలో ఇనుము బాగా తక్కువ. రోజుకు అర లీటరు దాటితే అన్నం మీద ఆకలీ పోతుంది, రక్తమూ తగ్గుతుంది. ఇనుము తగ్గితే పిల్లలు మందకొడిగా ఉంటరు, నేర్చుకోవడం వెనకబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 70 శాతానికి రక్తహీనత ఉంది. అందుకే తోటకూర పప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండాలి, వారానికోసారి మెత్తగా చేసిన మేక కార్జం కొంచెం పెట్టాలి. బువ్వ దగ్గర చాయ్ చుక్క కూడా వద్దు. పల్లీలు పొడి చేసే పెట్టాలి, గింజ గొంతుకు అడ్డం పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున.

ఇన్ని చేసినా రెండేళ్లకు "బాపు రా", "బువ్వ వద్దు" లాంటి రెండు మాటలు కలపకపోతే అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు కార్యక్రమం) డాక్టర్లకు చూపించి, ముందు వినికిడి పరీక్ష చేయించాలి. మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని మూడేళ్ల దాకా ఆగొద్దు.