పెనుకొండ గగన్ మహల్‌లో అమ్మతో ఒక పూట

అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. పెనుకొండ బోర్డు కనబడితే కొండవైపు ఒకసారి చూసి సాగిపోవడమే. ఈసారి గగన్ మహల్ కోసమే అమ్మను తీసుకుని దిగాను.

"ఇంతేనా నాయనా, రాజులుండిన ఇల్లు?" అంది చూడగానే. మైసూరు ప్యాలెస్‌ను మనసులో పెట్టుకుని వస్తే చిన్నదే మరి. రెండంతస్తులు. కింద లావుపాటి స్తంభాల మీద కమానులు, పైన గుడి శిఖరంలా అంచెలంచెలుగా లేచిన గోపురం. మసీదుల్లో చూసే కమానూ, గుళ్లలో చూసే శిఖరమూ ఒకే ఇంట్లో ఇంత చక్కగా ఒదగడం నాకు చాలా నచ్చింది.

విజయనగర రాజులకు ఇది వేసవి విడిది అంటారు. 1565లో దక్కన్ సుల్తానులతో జరిగిన తళ్లికోట యుద్ధంలో, విజయనగర రాజ్యాన్ని నడిపిస్తున్న అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని, అందిన ధనమంతా ఏనుగుల మీద వేసుకుని హంపి విడిచాడు. చేరింది ఈ పెనుకొండకే. తర్వాత తిరుమలరాయలే పట్టాభిషిక్తుడై అరవీటి వంశపు పాలన మొదలుపెట్టాడు. గోల్కొండ సేనల ఒత్తిడి పెరిగాక, 1592 ప్రాంతంలో వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు.

ఇదంతా చెబితే అమ్మ కాసేపు గోడ తడుముతూ నిలబడింది. "ఉన్న ఇల్లు పోగొట్టుకుని వచ్చినోళ్లకు ఇదే పెద్దది నాయనా" అంది.

మేం వెళ్లిన రోజు పైఅంతస్తుకు తాళం వేసి ఉంది. చుట్టూ చరిత్ర చెప్పే మనిషి లేడు, తాగడానికి నీళ్లు దొరకలేదు. ఇంత కథ ఉన్న చోట ఈ మాత్రం ఏర్పాటు లేకపోవడం బాధనిపించింది. నీళ్లు తీసుకుని పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే రాయి కాలిపోతుంది. షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి గుడి కూడా ఊళ్లోనే ఉన్నాయి. కొండమీది నరసింహస్వామి దగ్గరికి మాత్రం పెద్దవాళ్లను నడిపించొద్దు.

రాత్రి ఊళ్లోనే ఒక లాడ్జిలో దిగి తప్పు చేశాం. వేడినీళ్లు రాలేదు, దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి. బస అనంతపురంలోనో హిందూపురంలోనో చూసుకోవడం మేలు. లేపాక్షి కూడా కలుపుకునేవాళ్లకు అక్కడ టూరిజం వాళ్ల హోటల్ ఉంది.

తిండికి మాత్రం దిగులు లేదు. బస్టాండు దగ్గర బండి మీద వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. మమ్మల్ని తిప్పిన ఆటో అన్న దర్గా దగ్గర అమ్మను చేయిపట్టి గడప దాటించాడు. తిరిగొచ్చేదాకా బయటే ఉన్నాడు, వెయిటింగ్‌కని ఒక్క రూపాయి అడగలేదు.