టౌనుస్ కొండల్లో తొమ్మిదేళ్ళ పరుగు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారిలో చాలామందికి టౌనుస్ అంటే ఆఫీసు కిటికీలోంచి వాయవ్య దిక్కున కనిపించే ఒక నీలిగీత మాత్రమే. నాకూ మొదటి రెండేళ్ళు అంతే. 2016 వసంతంలో ఒక సహోద్యోగి వెంట యూ3 రైలెక్కి చివరి స్టేషనైన హోహెమార్క్‌లో దిగినవాణ్ణి, అప్పటి నుంచి వారానికి కనీసం ఒకసారి, మంచు కాలంలోనూ మానకుండా, ఆ అడవిదారుల్లో పరుగెత్తుతూనే ఉన్నాను. ఈ తొమ్మిదేళ్ళలో పది జతలకు పైగా బూట్లు అరిగిపోయాయి. ఇన్నాళ్ళ వాడకం మీద నాకు తేలిన విషయం ఇది: టౌనుస్ దారులు పరుగుకు ఎంతో అనువైనవే కానీ, కొత్తవారు మొదట ఎంచుకునే దారే వాటిలో అన్నిటికన్నా నాసిరకం. పైగా పాత పటాలను నమ్ముకుని వెళ్ళడానికి వీల్లేనంతగా ఆ అడవి మారిపోయింది.

వీటిని కొండలనడం కూడా కొందరికి ఎక్కువగా తోచవచ్చు. అన్నిటికన్నా ఎత్తైన గ్రోసర్ ఫెల్డ్‌బెర్గ్ సముద్రమట్టానికి సుమారు 880 మీటర్లు, అంటే మన అరకు లోయ కన్నా కాస్త తక్కువ, తిరుమల కన్నా కాస్త ఎక్కువ. తిరుపతిలో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఇంకో పోలిక కూడా తడుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు నడకదారి 9 కిలోమీటర్లు. హోహెమార్క్ నుంచి ఫెల్డ్‌బెర్గ్ శిఖరానికి నేను వెళ్ళే దారి కూడా ఇంచుమించు అంతే. అయితే అలిపిరిలో 3,550 మెట్లు కాళ్ళకు ఒకే లయ అలవాటు చేస్తాయి. ఇక్కడ అర కిలోమీటరు పోయేసరికి నేల మారిపోతుంది, దానితో అడుగు కూడా మార్చుకోవలసి వస్తుంది.

ఆ నేల గురించి కొంత వివరంగా చెప్పాలి. కలప లారీల కోసం వేసిన వెడల్పాటి కంకర దారులు అడవి అంతటా అల్లుకుని ఉంటాయి. ఎత్తు నెమ్మదిగా పెరుగుతుంది, దారి తప్పే భయం తక్కువ. చాలామంది వాటి మీదే పరుగెత్తి ఇంటికి వెళ్ళిపోతారు. దిగేటప్పుడు మాత్రం ఆ గట్టి కంకర ముంగాలి ఎముకను పీకిస్తుంది. మొదటి ఏడాది నేను అనుభవించిన కాలినొప్పులన్నీ ఆ దారుల చలవే. వాటి పక్కనే, ఒక్కోసారి ఇరవై అడుగుల దూరంలోనే, చెట్ల మధ్య సాగే సన్నని కాలిబాటలు ఉంటాయి. బీచ్ అనే వెడల్పాటి ఆకుల చెట్ల కింద నేల ఏడాది పొడవునా ఆకుల పరుపులా మెత్తగా ఉంటుంది, స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కింద వేర్లు పైకి తేలి నిచ్చెన మెట్లలా అడ్డం పడి ఉంటాయి. పైకి వెళ్ళేకొద్దీ తెల్లటి క్వార్ట్‌జైట్ రాళ్ళు మొదలవుతాయి. పొడిగా ఉన్నప్పుడు ఆ రాయి బూటును గట్టిగా పట్టుకుంటుంది, తడిసి నాచు పట్టిందంటే సబ్బుబిళ్ళే.

ఆ రాళ్ళ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది ఆల్ట్‌కోనిగ్ మీద. 798 మీటర్ల ఆ కొండ నెత్తిన సుమారు 2,400 ఏళ్ళ నాడు కెల్టులనే ప్రాచీన ఐరోపా జాతివారు రెండు వలయాలుగా రాతి ప్రాకారాలు కట్టుకున్నారు. అవి కూలిపోయి, ఇప్పుడు అడవి మధ్యలో రాళ్ళ నదుల్లా పరుచుకుని కనిపిస్తాయి. దారి వాటిని అడ్డంగా దాటిపోతుంది. 2019 నవంబరులో ఒక ఉదయం, పది అడుగుల ముందు చెట్టు కూడా కనిపించనంత పొగమంచులో, బయటి వలయం దాటుతూ రాలిన ఆకుల మీద కాలు వేశాను. ఆకుల కింద రాయి లేదు, రెండు రాళ్ళ మధ్య సందు ఉంది. మడమ పక్కకు తిరిగిన చప్పుడు నా చెవులకే వినిపించింది. అక్కడి నుంచి ఫుక్స్‌టాంట్స్ కనుమకు కిలోమీటరున్నర ఉంటుంది, ఆ దూరం కుంటుకుంటూ దిగడానికి గంట పట్టింది. దారి కూడళ్ళలో చెట్లకు కొట్టిన అత్యవసర స్థల సూచికలను నేను అంతకు ముందు ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ పలకల మీద ఒక సంఖ్య ఉంటుంది. 112కు ఫోన్ చేసి అది చెబితే మనం ఎక్కడున్నామో సహాయక దళానికి తెలుస్తుంది. నాకు ఆ అవసరం రాలేదు కానీ, అప్పటి నుంచి ప్రతి కూడలిలోనూ ఆ సంఖ్యను ఒకసారి చదివి ముందుకు వెళ్ళడం అలవాటైంది. ఇంత జరిగినా టౌనుస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇప్పటికీ ఆల్ట్‌కోనిగే. అక్కడికి మోటారు రోడ్డు లేదు, దుకాణం లేదు. గాలికి వంకర్లు తిరిగిన పొట్టి చెట్లు, రాళ్ళు, వడ్రంగిపిట్ట చప్పుడు మాత్రమే ఉంటాయి. అది రక్షిత ప్రాంతం కాబట్టి దారి వదిలి పక్కకు పోకూడదు.

ఫెల్డ్‌బెర్గ్ శిఖరం గురించి మాత్రం నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. కొత్తవారందరూ మొదట అక్కడికే వెళతారు, నేను నాసిరకమన్నది ఆ దారినే. పైన ప్రసార గోపురం, 1902లో కట్టిన పరిశీలన గోపురం, కార్లు నిలిపే స్థలం, వాటి మధ్య జనం. చెమటోడ్చి ఎక్కినవాడి పక్కన ఐస్‌క్రీం చేతిలో పట్టుకుని కారు దిగినవాడు నిలబడతాడు. ఎండ కాసే ఆదివారాల్లో సాండ్‌ప్లాకెన్ కనుమ నుంచి పైకి వచ్చే మోటారు సైకిళ్ళ మోత అడవిలో రెండు కిలోమీటర్ల లోపలికి కూడా వినిపిస్తుంది. నేను అక్కడికి డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే వెళతాను. నగరం బూడిదరంగు మంచు కింద మునిగి ఉన్న కొన్ని ఉదయాల్లో పైన ఎండ కాస్తుంది. అప్పుడు కాళ్ళ కింద మేఘాలు సముద్రంలా కనిపిస్తాయి. ఆ రోజుల్లో బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తప్పనిసరి, ఎందుకంటే పిల్లలు స్లెడ్జీలు లాగి లాగి కంకర దారులను అద్దంలా నున్నగా చేసేస్తారు.

పచ్చికబయళ్ళ సంగతికి వస్తే, టౌనుస్‌లో అవి రెండు రకాలు. క్రోన్‌బెర్గ్ వైపు వాలుల్లో ఉన్నవి పండ్లచెట్ల బయళ్ళు: గడ్డి మధ్య దూరదూరంగా ముసలి ఆపిల్ చెట్లు, వాటి కాయలతోనే ఈ ప్రాంతపు పుల్లటి ఆపిల్ వైన్ తయారవుతుంది. ఏప్రిల్ చివర ఆ చెట్లు పూసినప్పుడు నేను పరుగు ఆపి నడుస్తాను, అందుకు సిగ్గుపడను. రెండో రకం కొండకు ఆవలి పక్కన, ఓబెర్‌రైఫెన్‌బెర్గ్ చుట్టూ ఉన్న ఎత్తైన పచ్చికబయళ్ళు. అక్కడ గాలి ఎప్పుడూ చల్లగా ఉంటుంది, అడవి పందులు రాత్రిపూట తవ్విపోసిన మట్టి దారి పక్కన తాజాగా కనిపిస్తుంది. గడ్డి కోయకముందు దాని మధ్యలోంచి పోకూడదన్నది ఇక్కడ అందరూ పాటించే మర్యాద, ఎందుకంటే అది ఎవరో ఒకరి పశువుల మేత. అలా పోతే మనకూ నష్టమే. పిడుదులు కాచుకుని ఉండేది ఆ పొడవాటి గడ్డిలోనే. వాటి కాటు వల్ల బొరీలియా జబ్బు వస్తుంది కాబట్టి, మార్చి నుంచి అక్టోబరు దాకా ఇంటికి రాగానే మోకాలి వెనుక, నడుము పట్టీ కింద వెతుక్కోవడం నాకు స్నానమంత నిత్యకృత్యం. ఇప్పటికి ఏడు తీశాను. అన్నీ పచ్చికబయళ్ళలో పరుగెత్తిన రోజులవే.

ఇక అడవి మారిన సంగతి. 2018 నుంచి వరుసగా వచ్చిన వర్షాభావపు వేసవులకు స్ప్రూస్ చెట్లు నీరసించాయి, నీరసించిన చెట్టును బెరడు పురుగు వదలలేదు. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే బంక కార్చి పురుగును ముంచేస్తుంది, దాహంతో ఉన్న చెట్టుకు ఆ బంక ఊరదు. రెండు మూడేళ్ళలో కొండవాలులకు వాలులే గోధుమరంగుకు తిరిగాయి, ఆపైన నరికివేతలు వచ్చాయి. 2016లో నేను చీకటి సొరంగంలో పోతున్నట్టుగా పరుగెత్తిన ఒక దారి ఇప్పుడు మొద్దుల మైదానం. భారీ యంత్రాల చక్రాలు నేలలో మోకాలి లోతు చాళ్ళు పెట్టాయి, వాన పడితే అవి కుంటలవుతాయి. కొన్ని చోట్ల దారి గుర్తు వేసి ఉన్న చెట్టే లేకుండా పోయింది. గుర్తుల మీద నాకు ఫిర్యాదు లేదు, 1868లో పుట్టిన టౌనుస్ క్లబ్ స్వచ్ఛంద సేవకులు వాటిని ఓపికగా తిరిగి వేస్తూనే ఉన్నారు. ఫిర్యాదల్లా నరికివేత సమయంలో దారి మూసినట్టు చెప్పే పలక, ఆ దారిలోకి అడుగుపెట్టే చోట కాక రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక కనిపించడం గురించే. నాకది ఇప్పటికి నాలుగుసార్లు జరిగింది. 1975 నాటి అటవీ చట్టం ప్రకారం ఈ అడవిలో ఎవరైనా స్వేచ్ఛగా తిరగవచ్చు, అయితే అడవికి సహజమైన ప్రమాదాలకు బాధ్యత తిరిగేవారిదే. ఎండిన చెట్లు నిలబడి ఉన్న చోట్ల గాలి వీచే రోజున నేను అడుగు పెట్టను. అలాగని అంతా నష్టమే అనలేను. చెట్లు పోయిన ఖాళీల్లో జూన్ చివరికల్లా ఊదారంగు డిజిటాలిస్ పూలు మనిషి ఎత్తున లేస్తున్నాయి, వాటి మధ్య బర్చ్ మొలకలు నా భుజం దాటాయి. మునుపు నీడ తప్ప మరేమీ లేని చోట ఇప్పుడు దూరాన ఫ్రాంక్‌ఫర్ట్ భవనాలు కనిపిస్తున్నాయి. వేసవిలో ఆ నీడ లేని లోటు మాత్రం తెలుస్తుంది. ఇప్పుడు జూలైలో అర లీటరు నీళ్ళు ఎక్కువ మోస్తున్నాను.

మొదటిసారి వెళ్ళేవారికి నేను చెప్పే దారి ఇది. ఉదయం ఏడింటికల్లా హోహెమార్క్‌లో దిగి, కంకర దారి పక్కనే ఉన్న కాలిబాట పట్టుకుని 662 మీటర్ల ఎత్తున ఉన్న ఫుక్స్‌టాంట్స్ చేరండి. అక్కడ ఫెల్డ్‌బెర్గ్ వైపు తిరగకుండా ఆల్ట్‌కోనిగ్ ఎక్కండి. ఫెల్డ్‌బెర్గ్ శిఖరం కూడా చూసి తీరాలనుకుంటే ముందే దాన్ని ముగించుకుని, ఫుక్స్‌టాంట్స్‌కు దిగివచ్చి, ఆల్ట్‌కోనిగ్‌ను చివరికి ఉంచుకోండి. అలా చేస్తే మొత్తం 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, ఎక్కుడు 700 మీటర్లకు పైన అవుతుంది. బూటు అడుగున నాలుగు మిల్లీమీటర్ల పళ్ళు వేసవికి సరిపోతాయి, అక్టోబరు దాటితే ఆరుండాలి. ఫుక్స్‌టాంట్స్‌లో రెండు పాత భోజనశాలలున్నాయి, ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లే అక్కడ నా మామూలు. జేబులో పది యూరోలు, సంచిలో పొడి మేజోళ్ళు, తిరుగు రైల్లో సీటు మీద పరుచుకోవడానికి ఒక పాత తువాలు పెట్టుకోండి.