బకింగ్‌హాం కాలువకు పేరిచ్చిన దొర ఇంట్లో ఒక రోజు

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక పల్లె. సముద్రం చూడాలంటే ముందు బకింగ్‌హాం కాలువ దాటాలి. నాయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ కాలువ గట్ల మీద ఆయన నడవని మైలు లేదంటే నమ్మొచ్చు. పోయిన వేసవిలో నా దగ్గరికి లండన్ వచ్చినప్పుడు, ఏం చూస్తావు నాయనా అని అడిగాను. రాజుగారి ప్యాలెస్ అంటాడనుకున్నాను. "మన కాలువకు పేరిచ్చిన దొర ఇల్లు ఎక్కడుందో చూడరా" అన్నాడు.

ఆ ఇల్లు స్టోవ్. బకింగ్‌హాంషైర్‌లో, బకింగ్‌హాం ఊరికి ఐదు కిలోమీటర్ల లోపే. 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న మూడో డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం అండ్ చాందోస్ వాళ్ల ఇల్లు అది. 1876–78 నాటి ధాత కరువు ఆయన హయాంలోనే వచ్చింది. తిండి లేని జనానికి పని చూపించాలని మద్రాసులో అడయారు, కూవం నదుల మధ్య 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. అప్పటికే ముక్కలుముక్కలుగా ఉన్న ఉప్పునీటి కాలువలన్నీ దాంతో ఒకటై, 1878లో ఆయన పేరు పెట్టుకున్నాయి. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు.

బకింగ్‌హాంకు రైలు లేదు. యూస్టన్‌లో రైలెక్కి మిల్టన్ కీన్స్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో పోయాం. స్టోవ్ దాకా ట్యాక్సీ. దారి చివర్లో రెండు పక్కలా చెట్లతో బాణంలాగా తిన్నటి రోడ్డు, ఎదురుగా గుట్ట మీద కొరింథియన్ ఆర్చ్. దాని నడిమిలోంచి దూరంగా ఇల్లు కనిపించింది. నాయన ట్యాక్సీ ఆపించి దిగి, చాలాసేపు చూశాడు.

వెళ్లే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తోటకు టికెట్ వేరు, ఇంటికి టికెట్ వేరు. తోటలు 1989 నుంచి, పాత కట్టడాలనూ తోటలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. ఇంటి బాగోగులు ఇంకో ట్రస్టు చూస్తుంది. ఇంట్లో నడిచేది మాత్రం స్కూలు. అందుకే లోపలికి అన్ని రోజులూ పోనివ్వరు. తేదీ చూసుకోకుండా పోతే తోట మాత్రమే చూసి రావాలి. మేం సెలవుల్లో వెళ్లాం కాబట్టి రెండూ దొరికాయి.

పేరుకు జార్జియన్ ఇల్లంటారు, అంటే జార్జి రాజుల కాలపు ఇల్లని, గానీ మొదలు అంతకంటే ముందే. గొర్రెల మీద డబ్బు చేసుకున్న టెంపుల్ అనే కుటుంబం పదహారో శతాబ్దంలో ఈ భూమి సంపాదించింది. మన డ్యూక్ ఆ వంశంవాడే. ఇల్లు కట్టడం 1677లో మొదలుపెట్టారు. దాన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది పద్దెనిమిదో శతాబ్దం. సేనాని మార్ల్‌బరో కింద యుద్ధాలు చేసిన, అదే కుటుంబపు లార్డ్ కోబమ్ ఇక్కడ తోట వేయించాడు. ఇంటిపేరే టెంపుల్ కదా, తోట నిండా అలంకారానికి గుళ్లు కట్టించాడు. కుటుంబ నినాదం కూడా 84వ కీర్తన నుంచి తీసుకున్నదే, నీ ఆలయాలు ఎంత రమ్యములు అని. తోటలు తీర్చిదిద్దడంలో తర్వాత దేశమంతా పేరు మోగిన కేపబిలిటీ బ్రౌన్ 1741 నుంచి పదేళ్లు ఇక్కడే హెడ్ గార్డెనరు. అడ్డుగోడ ఉండదు, కానీ గొర్రెలు తోటలోకి రావు. దగ్గరికి పోతే గానీ కనిపించని లోతైన కందకం ఉంది. నాయన అంచున వంగి, గట్టు జారకుండా కట్టే రివెట్‌మెంట్ రాళ్లు ఎలా పేర్చారో వేలితో గీసి చూపించాడు.

తోటలో నాకు బాగా నచ్చినది బ్రిటిష్ వర్దీస్ గుడి, అంటే బ్రిటన్ మహనీయుల గుడి. చెరువు పక్కన అర్ధచంద్రాకారంలో పదహారు గూళ్లు, ఒక్కొక్క గూట్లో ఒక్కొక్క తల. షేక్‌స్పియర్, న్యూటన్, మిల్టన్, ఎలిజబెత్ రాణి. అందరూ ముందునుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు వెనక్కి వెళ్లండి. అక్కడ ఒక ఇటలీ పెద్దమనిషి గురించి రాయి మీద పొగడ్త చెక్కి ఉంటుంది. మంచి వంశం, నమ్మకస్తుడు అంటూ సాగుతుంది. చివరి వాక్యానికి వచ్చేసరికి తెలుస్తుంది, అది మనిషి గురించి కాదు, ఫిడో అనే కుక్క గురించి. నేను తెలుగు చేసి చెబుతుంటే నాయన కళ్లు మెరిశాయి.

కానీ ఆ తోటలో మనసుకు పట్టేది చెట్ల మధ్య ఉన్న సెయింట్ మేరీ చర్చి. ఒకప్పుడు దాని చుట్టూ ఊరుండేది. తోట పెరిగేకొద్దీ ఊరు ఖాళీ చేయించారు. మిగిలింది ఆ చర్చి ఒక్కటే. నాయన సమాధుల మధ్య నిలబడి "ఊరు తీసేసి చెరువు తవ్వారన్నమాట" అన్నాడు. ముంపు గ్రామాల సంగతి తెలిసిన మనిషి ఆయన.

ఇంట్లో చూడాల్సింది మార్బుల్ సెలూన్. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పెద్ద హాలు, చుట్టూ పదహారు స్తంభాలు, పైన రోమ్ పాంథియన్ తరహా గుమ్మటం. స్తంభాలు పాలరాయిలా మెరుస్తాయి గానీ రాయి కాదు, స్కాలియోలా. జిప్సం గచ్చులో రంగులు కలిపి మెరుగు పెట్టిన పని. గుమ్మటం నుంచి దిగిన వెలుతురు నేల మీద పడుతుంటే అక్కడ ఎవ్వరూ గట్టిగా మాట్లాడలేదు.

ఇంత ఇల్లు నిలబెట్టుకోవడం ఆ కుటుంబానికి చేత కాలేదు. 1845లో విక్టోరియా రాణిని పిలిచి మర్యాదలు చేశారు. నాలుగేళ్లు తిరగకుండానే రెండో డ్యూక్ అప్పుల్లో మునిగి, 1848లో ఇంట్లో సామాను నలభై రోజుల పాటు వేలం వేశారు. అప్పు పది లక్షల పౌండ్లు దాటితే, వేలంలో వచ్చింది సుమారు 75 వేలు. మన గవర్నరు ఆయన కొడుకే. తండ్రి చేసిన అప్పులు నెత్తిన పెట్టుకుని రైల్వే కంపెనీకి చైర్మనుగా చేశాడు, మద్రాసు వచ్చాడు. మగపిల్లలు లేకపోవడంతో 1889లో ఆయనతోనే ఆ డ్యూక్ బిరుదు పోయింది. 1921లో మళ్లీ అమ్మకం. దక్షిణం మెట్ల దగ్గరి సీసపు సింహాలు బ్లాక్‌పూల్ పార్కుకు పోయాయి. ఇప్పుడున్నవి నకళ్లు.

కూల్చేస్తారేమో అనుకున్న ఇంటిని కాపాడింది స్కూలు. 1923 మే 11న 99 మంది అబ్బాయిలతో మొదలైంది. మొదటి హెడ్‌మాస్టరు జె.ఎఫ్. రాక్స్‌బరో. సినిమా నటుడు డేవిడ్ నివెన్, వ్యాపారి రిచర్డ్ బ్రాన్సన్ ఇక్కడి విద్యార్థులే. అయితే కాపాడిన స్కూలే తన చాపెల్ (ప్రార్థన మందిరం) కోసం తోటలోని కాంకార్డ్ గుడి స్తంభాలు పదహారు పీక్కుపోయింది. నాకది చాలా బాధ కలిగించింది. తర్వాత నేషనల్ ట్రస్ట్ కొత్త స్తంభాలు చెక్కించి నిలబెట్టింది.

గదులు చూపించిన వలంటీరు పెద్దావిడకు డ్యూక్ మద్రాసు గవర్నరని తెలుసు, కాలువ సంగతి తెలియదు. నాయన టికెట్ వెనకాల కాలువ గీసి ఇచ్చాడు. కృష్ణపట్నం, మైపాడు, రామాయపట్నం గుర్తులు పెట్టాడు. సరుగుడు కట్టెలు, ఉప్పు పడవల్లో మద్రాసు పోయేవని, 2004 సునామీలో కెరటం వేగం ఈ కాలువ దగ్గర తగ్గిందని నా చేత ఇంగ్లీషులో చెప్పించాడు. ఆమె ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది.

సౌకర్యాలకొస్తే, నేషనల్ ట్రస్ట్ ప్రవేశం న్యూ ఇన్ దగ్గర. తోట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం 1717లో కట్టిన సత్రం అది. కేఫ్, టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి. అక్కడి నుంచి నడక ఎక్కువ. నాయన మోకాళ్లు చూసి బగ్గీ (తోటలో తిప్పే చిన్న మోటారు బండి) అడిగితే ఒక పెద్దాయన మర్యాదగా ఎక్కించుకున్నాడు. ముందే అడిగి పెట్టుకోవడం మేలు. వాన పడితే గడ్డి బాటలు జారతాయి, చెప్పులతో పోవద్దు.

బస మాత్రం ఇబ్బందే పెట్టింది. బకింగ్‌హాంలో తీసుకున్న గది మూడో అంతస్తులో ఇచ్చారు, మెట్లు నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్లున్నారని బుకింగ్‌లో రాసినా పట్టించుకోలేదు. ఆదివారం తిరుగు ప్రయాణానికి చెప్పిన ట్యాక్సీ రాలేదు. గంటన్నర టెన్షన్ పడ్డాక ఇంకో కారు దొరికింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మిల్టన్ కీన్స్‌లో లిఫ్టున్న హోటల్ చూసుకోండి.

తోటలోనే పడుకునే వీలు కూడా ఉంది. ఎర్రరాతి గోథిక్ టెంపుల్‌ను ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ నలుగురికి సరిపడా అద్దెకిస్తుంది. గదులు గుండ్రంగా ఉంటాయట. అక్కడ దిగుదామా అంటే నాయన వెంటనే ఒప్పుకోలేదు. "ముందు మీ అమ్మ పాస్‌పోర్టు పని చూడు" అన్నాడు.