ఆగమన కాలానికి హార్మోనియం రిపేర్: హనుమకొండలో మా అనుభవం

కాజీపేట దగ్గరున్న మా చర్చి హార్మోనియంని హనుమకొండ చౌరస్తా వెనక సందులో, బోర్డు కూడా లేని ఒక చిన్న షాపులో బాగు చేయించాం. పనికి పదికి పది ఇస్తాను, టైముకి మాత్రం నాలుగే.

మధ్యమం మెట్టు మీద నుంచి వేలు తీసినా అది ‘ఊఁ’ అని మోగుతూనే ఉండేది. తిత్తిలోంచి గాలి కూడా పోయేది. మామూలు ఆదివారాల్లో ఢోలక్, కీబోర్డు చప్పుడులో ఇదంతా ఎవరికీ తెలియదు. కానీ ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో, మా క్యాథలిక్ పూజలో గ్లోరియా అనే మహిమ గీతం పాడం, క్రిస్మస్ సంతోషం ముందే వచ్చేయకూడదని వాయిద్యాలు కూడా మితంగానే వాడాలి, అందుకే ఢోలక్‌ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేస్తాం, ఇక మిగిలేది హార్మోనియం ఒక్కటే. అది సరిగ్గా పలకకపోతే ఆ కాలమంతా పాడైనట్టే.

ముందు ఒక పెద్ద మ్యూజిక్ షాపుకి తీసుకెళ్తే మూత కూడా తీసి చూడలేదు. ‘దీనికి పెట్టే పైసలల్ల కొత్త కీబోర్డు వస్తది’ అన్నారు. మా నాన్న వాయించిన పెట్టె అది, చాలా బాధేసింది.

ఈ పెద్దాయన మాత్రం మొదట అడిగింది వేరే. ‘ఏం పాటలు పాడుతరు బిడ్డా? ఎంతమంది పాడుతరు?’ డిసెంబర్ 17 నుంచి 23 దాకా సాయంత్రం ప్రార్థనలో రోజుకొకటి చొప్పున ‘ఓ జ్ఞానమా’తో మొదలై ‘ఓ ఇమ్మానుయేలూ’ దాకా క్రీస్తుని పిలిచే ఏడు పిలుపులు పాడతామని, తాళం ఉండదని, హార్మోనియం ఒక స్వరం పట్టుకుని ఉంటే దాని మీద మేం పాడతామని చెప్పాను. ‘అంటే స్వరం నిలబడాలె, ఊగొద్దు’ అన్నారు. అంతే, నాకు ధైర్యం వచ్చేసింది.

మూత తీస్తే ఆ మెట్టు కింది చెక్క బిళ్లకి అంటించిన తోలుని ఎలుక కొరికేసి ఉంది. కొత్త తోలు కోసి అంటించారు, తిత్తి మడతలకి పట్టీలు వేశారు. తర్వాత శృతి. మా పెట్టెలో ఒక్కో మెట్టుకి రెండు ఇత్తడి రీడ్లు (గాలికి అదిరి మోగే రేకులు), రెండూ కలిపి మోగిస్తే స్వరం అలలా ఊగుతోంది. ఆయన చిన్న బ్లేడుతో రీడ్ నాలుకని కొసన కొంచెం గీకి (కొసన గీకితే శృతి పెరుగుతుందట, మొదట్లో గీకితే తగ్గుతుందట) మళ్లీ మోగించి, తల వంచి విని, మళ్లీ గీకి, ఆ అల నెమ్మదై నెమ్మదై ఆగిపోయేదాకా వదల్లేదు. ఒక్క మెట్టుకే పావుగంట పట్టింది.

మొత్తం 2,600 రూపాయలు తీసుకున్నారు. తీసేసిన పాత తోలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు.

ఇక లోపం. నవంబర్ 8న ఇచ్చాం, 22కి ఇస్తానన్నారు, చేతికొచ్చింది డిసెంబర్ 3న. ఆగమన కాలం మొదటి ఆదివారం, నవంబర్ 30న, మొదటి కొవ్వొత్తి వెలిగించిన పూజకి హార్మోనియం లేదు. శృతి బాగా పైన ఎత్తుకున్నాం, చివరి చరణానికి వచ్చేసరికి అక్కలు గొంతు అందక ఆపేశారు. ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఉంటే ఎక్కడైనా అడిగి తెచ్చుకునేవాళ్లం.

డిసెంబర్ 17 సాయంత్రం లైట్లు తగ్గించి ‘ఓ జ్ఞానమా’ ఎత్తుకున్నప్పుడు మాత్రం ఆ కోపం లేదు. షడ్జమం పట్టుకున్నాను, కదల్లేదు. ఆ ఏడు పిలుపుల్లో ‘ఓ’ తర్వాత వచ్చే లాటిన్ మాటల మొదటి అక్షరాలు చివరి నుంచి వెనక్కి చదివితే ‘ఎరో క్రాస్’, అంటే ‘రేపు ఉంటాను’ అని వస్తుందని ఫాదర్ గారు ఆ రోజే చెప్పారు. 23న ఏడోది పాడుతుంటే అదే గుర్తొచ్చి గొంతు పట్టేసింది, హార్మోనియం ఆగకుండా మోగుతూనే ఉంది.

మీ చర్చిదీ ఇవ్వాలనుకుంటే దసరా అయిపోగానే ఇచ్చేయండి. ఫోన్ చేస్తే ఎత్తరు, పదకొండు దాటాక నేరుగా వెళ్లాలి. మీరు ఏ పాటలు పాడతారో ఒకటి పాడి వినిపించండి, వింటారు.